క్రేయాన్ లక్కతో పోలింగ్

విజిటర్ వీసా మీద వచ్చినవారి పేరు ఒక్కసారి పోలీసు కాగితంలో పడితే చాలు, ఇక గడువు పొడిగించరన్నది 2008లో అమెరికాలోని ఫ్రిస్కో తెలుగువారందరూ నమ్మిన మాట. దానికి ఆధారమేమిటని అడిగిన ఏకైక వ్యక్తి సూర్యప్రకాశరావు. అడిగింది, పక్క వీధిలో కొడుకు దగ్గరికి వచ్చి, తనూ పొడిగింపు కోరుతున్న కొండల్ రావును. ఆ భయంతో కొండల్ రావు సిగ్నల్ లేనిచోట రోడ్డు కూడా దాటేవాడు కాదు.

"అందరికీ తెలిసినదానికి ఆధారం దేనికి మాస్టారూ?" అన్నాడాయన.

సూర్యప్రకాశరావు తెనాలిలో ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించి రిటైరైనవాడు. తనకూ, భార్య వసంతలక్ష్మికీ కలిపి పొడిగింపుకు దరఖాస్తు పెట్టి నెలన్నర అయింది. కూతురు సుధకు ఏడో నెల. కాదని జవాబు వస్తే పురిటికి ముందే ఇద్దరూ విమానం ఎక్కాలి.

ఆ అక్టోబరు ఉదయం ఆయన పెట్టుకున్న పని చిన్నదే. సుధ పెద్దకూతురు పూజిత తొమ్మిదో తరగతిలో నమూనా ఎన్నిక జరుగుతోంది. కిందటిసారి ముప్ఫై మందిలో పదకొండు మందే ఓటేశారట. ఈసారి కాస్త ఆసక్తి పుట్టేలా ఇండియా పద్ధతి చూపించమని టీచరు పిలిచింది. ఏడు ఎన్నికల్లో ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేసిన మనిషి ఊరుకుంటాడా? బూట్ల పెట్టెకు గుడ్డ చుట్టి పురికొస కట్టాడు. సీలు వేయడానికి లక్క ఎక్కడా దొరకలేదు. మైనం ఏదైనా కరిగి గట్టిపడుతుందన్న సూత్రం మీద మనవరాలి పాత ఎర్ర క్రేయాన్లనూ, దేవుడి గదిలోని అగ్గిపెట్టెనూ జేబులో వేసుకున్నాడు.

పోలింగ్ సలక్షణంగా సాగింది. జాబితాలో పేరు లేదని టీచరును సైతం ఓటేయనివ్వలేదు. పిల్లలు ముప్ఫై మందీ వేశారు. ఆవిడ అటు తిరిగి పోలింగ్ ముగిసిందన్న ధ్రువపత్రం మీద సంతకం చేస్తుండగా ఆయన సీలుకు ఉపక్రమించాడు. క్రేయాన్ కరగడానికి బదులు, చుట్టూ ఉన్న కాగితంతో సహా భగ్గున అంటుకుంది. కింద పడేసి తొక్కి ఆర్పేలోగా పొగ కప్పుదాకా లేచింది. అలారం మోగింది.

కాసేపట్లో పద్దెనిమిది వందల మంది పిల్లలు మైదానంలో ఉన్నారు. రెండు ఫైరింజన్లు, ఒక పోలీసు కారు వచ్చాయి. ప్రిసైడింగ్ ఆఫీసరు పెట్టెను వదలరాదు కనుక సూర్యప్రకాశరావు దాన్ని గుండెలకు హత్తుకుని అందరికన్నా చివర బయటికి వచ్చాడు. అందులో ఏముందని పోలీసు అధికారి అడిగితే, లెక్కింపు దాకా తెరవకూడదని నిబంధన చెప్పాడు. పిల్లలను మరో వంద గజాలు వెనక్కి జరిపారు.

టీచరు పరుగున వచ్చి సంగతి వివరించింది. పెట్టె విప్పితే ముప్ఫై చీటీలు. ఇక విప్పారు గనుక అక్కడే గడ్డిమీద, ఫైర్‌మెన్ సాక్షిగా ప్రిసైడింగ్ ఆఫీసరు లెక్కింపు పూర్తిచేశాడు. అధికారి నవ్వాపుకుని, ఫరవాలేదు, ఇంటికి వెళ్లమంటూ వివరాలు రాసుకునే పుస్తకం మూయబోయాడు. సూర్యప్రకాశరావు ఆపాడు.

పూజిత చెయ్యి పట్టుకుంది. "తాతయ్యా, ప్లీజ్. హీ ఈజ్ లెట్టింగ్ అస్ గో. నేమ్ చెప్పకు."

"పోలింగ్‌లో జరిగింది జరిగినట్టు డైరీకెక్కాలమ్మా. రాయకపోతే రేపు జరగనేలేదంటారు."

"ఎవరూ అనరు తాతయ్యా."

ఇంటిపేరుతో సహా ఒక్కొక్క అక్షరమే చెప్పి రాయించాడు. పేరు ఒక వరుసలో పట్టక రెండో వరుసలోకి దిగింది.

ఇంట్లో సుధ సంగతంతా విన్నది. చివరికి, "నీకు రికార్డు కావాలి నాన్నా. నాకు నువ్వు కావాలి" అంది. ఆధారం అడగకుండా తల దించుకోవడం ఆయన జీవితంలో అదే మొదలు. వసంతలక్ష్మి సూట్‌కేసులు దించింది. కొండల్ రావు ఫోన్ చేసి పరామర్శించి, "ఎలాగూ వెళుతున్నారు కదా, మావాళ్లకి రెండు విటమిన్ డబ్బాలు పట్టుకెళతారా?" అని అడిగాడు.

మూడు వారాల తరువాత రెండిళ్లకూ ఒకేరోజు ఉత్తరాలు వచ్చాయి. సూర్యప్రకాశరావు దంపతులకు ఆరు నెలల పొడిగింపు మంజూరైంది. ఏ పోలీసు కాగితంలోనూ ఏనాడూ పేరు పడని కొండల్ రావుకు తిరస్కరించారు. దరఖాస్తును గడువు దాటిన తొమ్మిది రోజులకు పంపాడట.