కట్టకు నలభై ఆకులు

జూలూరుపాడులో సీతయ్యను ఉత్త సీతయ్య అని పిలిచేది రేషన్ కార్డు ఒక్కటే. మిగతా మండలమంతటికీ ఆయన నడిమి సీతయ్య. ఏటా వేసవిలో అడవి నుంచి బీడీలు చుట్టే తునికాకు కట్టలు కల్లానికి వస్తే, కాంట్రాక్టరు తరఫున వాటిని చూసి తీసుకునే కల్లేదారు ఆయనే. కట్టలో పై ఆకు చూడడు, కింది ఆకు చూడడు. నడిమిలోంచి రెండు వేళ్లతో ఒక్క ఆకు లాగి, ఎండకు పట్టి చిల్లు వెతికి, వాసన చూసి, అప్పుడు తల ఊపుతాడు.

ఈ విద్య ఆకుల దగ్గరే ఆగి ఉంటే మనకీ కథ లేకపోయేది. సీతయ్య పుచ్చకాయల్నీ, పరుపుల్నీ, పెళ్లి సంబంధాల్నీ కూడా నడిమిలోంచే చూసేవాడు. చెల్లెలికి సంబంధం చూడబోయినప్పుడు ముందు గదిలో వేసిన కుర్చీ వదిలేసి తిన్నగా వంటింట్లోకి నడిచాడు. ఆ సంబంధం కుదరలేదు. ఆయన మాత్రం అవతలివాళ్లే ఏదో దాచారని నేటికీ నమ్ముతాడు.

రెండు వేల ఆరు వేసవిలో ఆయన భార్య ప్రమీల టీచర్ల పరీక్షకు చదువుతోంది. అంతకుముందు రెండుసార్లు రాసింది. మొదటిసారి మూడు మార్కులతో పోయింది, రెండోసారి ఒకటిన్నర మార్కుతో పోయింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కాబట్టి ఇదే ఆఖరు. పదకొండేళ్లుగా ప్రైవేటు బడిలో పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్న మనిషికి ఈ ఉద్యోగం ఎంత కావాలో సీతయ్యకు బాగా తెలుసు. అందుకే పుస్తకం తానే చూసి తెస్తానన్నాడు.

"నువ్వు చూడకయ్యా. కాయితం మీద పేరు రాసిచ్చిన. ఆ పుస్తకం అడుగు, ఇస్తరు, పట్టుకొనిరా" అంది ప్రమీల.

"పేరు చూసి కొంటరా ఎవరన్నా? సరుకు చూడొద్దా?"

"సరుకు కాదు, పుస్తకం."

"పుస్తకమంటే ఏంది? కాయితాల కట్ట. కట్టలు చూసుడు నాకు చెప్తున్నవా?"

ప్రమీల "సరే" అంది. కాపురం చేసిన ఏ మగవాడైనా ఆ మాట విన్నాక ఒక నిమిషం ఆగి ఆలోచిస్తాడు. సీతయ్య చెప్పులు వేసుకున్నాడు.

ఊళ్లో ఆ పరీక్ష రాసేవాళ్లు ఇంకా ఏడుగురున్నారు. వాళ్లలో తునికాకు కోసే ముత్తక్క కూతురు నాగలక్ష్మి కూడా ఉంది. నడిమి సీతయ్య ఖమ్మం పోతున్నాడని తెలిసి ఏడుగురూ బస్సు దగ్గరికి వచ్చి, ఆయన ఏది తెచ్చుకుంటే తమకూ అదే తెమ్మన్నారు. కిటికీ పక్కన కూర్చున్న సీతయ్య ఛాతీకి ఆ రోజు సీటు సరిపోలేదు.

ఖమ్మం బస్టాండు దగ్గరి పుస్తకాల దుకాణంలో ముందు ప్రమీల రాసిచ్చిన పుస్తకమే అడిగాడు. దాని పేరు 'సంక్షిప్త దర్శిని'. సన్నగా ఉంది. అట్ట మీద రాసినాయన పేరు, ఊరు, ఇంటి నంబరుతో సహా ఉన్నాయి. తప్పులు కనబడితే ఉత్తరం రాయమని కూడా ఉంది. సీతయ్య నడిమిలో తెరిచాడు. ఓ చిన్న కాగితం జారి కింద పడింది.

"ఏంది ఇది?"

"తప్పొప్పుల పట్టిక సారూ. అచ్చయినంక ఇరవయ్యారు తప్పులు దొరికినయంట. దిద్దుకోమని రాసి పెట్టిండ్రు" అన్నాడు దుకాణదారు.

సీతయ్య ఆ పుస్తకాన్ని బల్ల మీద పెట్టి రెండు వేళ్లతో దూరంగా నెట్టాడు. "నా కట్టల ఇరవయ్యారు చిల్లులున్నయని చెప్పుకుంట ఎవడన్నా కల్లానికి వస్తడా?"

దుకాణదారు ఇంకో పుస్తకం దించాడు. రెండు చేతులా దించాడు. దాని పేరు 'సర్వజ్ఞాన మహాసాగరం'. తొమ్మిది వందల పేజీలు. రాసింది 'అనుభవజ్ఞుల బృందం' అని ఉంది గానీ ఆ బృందంలో ఒక్కరి పేరూ లేదు. సీతయ్య నడిమిలో ఒక కాగితం పట్టి లాగాడు, ఊడలేదు. ఎండకు పట్టాడు, చిల్లు లేదు. వాసన చూశాడు. ఒక్క తప్పు కూడా ఉన్నట్టు ఎక్కడా రాసి లేదు.

"ఇది ఫస్టు గ్రేడు" అన్నాడు. "ఎనిమిది కట్టు."

ఆ ఎనిమిదీ బస్సు మీదికి ఎక్కించడానికి కూలీ కావలసి వచ్చింది.

సీతయ్య ఇంటికి రాగానే ప్రమీల పుస్తకం అందుకొని, చివర పదసూచిక తెరిచి, వేలితో వెతికి ఒక పేజీ తీసింది.

"నడిమిల చూడు" అన్నాడు సీతయ్య.

"నాకు ముందే తెలిసింది ఏం రాసిండ్రో చూస్త. తెలిసిన కాడ సరిగ్గ చెప్తే తెలియని కాడ నమ్మొచ్చు" అని పైకి చదివింది. "తునికి అనునది అడవులలో పెరుగు ఒక తీగ. దీని ఆకులను వానాకాలమున కోయుదురు. వీటితో విస్తళ్లు కుట్టుదురు. కట్టకు నలభై ఆకులుండును."

సీతయ్య లేచి నిలబడ్డాడు. "తీగా? తీగంటడేంది? చెట్టు గద! ఎవడు రాసిండు?"

"అనుభవజ్ఞులు."

"వానల ఎవడు కోస్తడు? విస్తళ్లేంది, బీడీలు గద చుట్టేది! కట్టకు యాభై!"

"అయితే పుస్తకం తప్పంటవా?"

సీతయ్య నోరు తెరిచాడు. ఇంకో ఏడు పుస్తకాలు ఏడిళ్లకు చేరిపోయాయని గుర్తొచ్చి నోరు మూశాడు. "అచ్చుల ఊరికె పడదు. వేరే జిల్లాల దిక్కు తీగే ఉంటదేమో" అన్నాడు.

"సరే" అంది ప్రమీల, రెండోసారి.

నాలుగో రోజు పొద్దున కల్లంలో ముత్తక్క మొదటి మూట దించింది. సీతయ్య అలవాటుగా నడిమి ఆకు లాగాడు. ఆకు బ్రహ్మాండంగా ఉంది, కట్ట మాత్రం చేతికి తేలిగ్గా ఉంది. నార విప్పి లెక్కపెట్టాడు. నలభై. ఇంకోటి విప్పాడు, నలభై. వెనక వరుసలో ఉన్న రామక్క మూటలో చెయ్యి పెట్టి ఇంకోటి తీశాడు. అదీ నలభయ్యే.

"ఏంది ముత్తక్కా ఇది?"

"కట్ట."

"పదాకులు తక్కువున్నయ్."

"తక్కువెందుకుంటయ్ సారూ? నలభయ్యేనంట గద. నా బిడ్డ పుస్తకం చదివి చెప్పింది. ఆ పుస్తకం తెచ్చింది నువ్వేనంట, ఫస్టు గ్రేడన్నవంట."

"అది... పుస్తకం వేరే, కల్లం వేరే."

"ఎట్ల వేరే అయితది? ఇరవయ్యేండ్ల సంది కట్టకు పదాకులు ఎక్కువ కట్టిచ్చినం. గవన్నీ ఏడ వోయినయ్ సారూ?"

ఈ ప్రశ్న వరుస చివరిదాకా పాకింది. నలభై మంది ఆడవాళ్లు ఒకే మాట అడిగితే ఎలా ఉంటుందో సీతయ్య అంతకుముందు ఎరగడు. పది గంటలకు కాంట్రాక్టరు జీపు వస్తుంది. నలభై ఆకుల కట్టలు తీసుకుంటే ఉద్యోగం పోతుంది. తీసుకోనంటే పుస్తకం తప్పని ఒప్పుకోవాలి. అప్పుడు కనిపించింది ప్రమీల. కల్లం చివర చెట్టు నీడలో ఒడిలో మహాసాగరం పెట్టుకొని చదువుకుంటోంది.

"నువ్వన్నా చెప్పు వీళ్లకు, కట్టకు యాభై అని!" అన్నాడు దగ్గరికి పరిగెత్తి.

"నేనెట్ల చెప్తనయ్యా? నా పుస్తకంల నలభై అని ఉంది. రేపు పరీక్షల గదే రాస్త గద."

"నలభై అని రాస్తవా?"

"నువ్వు చూసి తెచ్చిన పుస్తకం. నమ్మకుంటే ఎట్ల?"

సీతయ్యకు ఒకటిన్నర మార్కు గుర్తొచ్చింది. ఆ ఫలితం చూసిన రోజు ప్రమీల ఏడవలేదు. రెండు రోజులు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది, అంతే. ఆయన ఆ పప్పు మాట్లాడకుండా తిన్నాడు. ఇప్పుడు ఆ రుచి నాలుక మీదికి వచ్చింది. తన మాట నిలబెట్టుకోవడానికి ఈమె ఆఖరు పరీక్ష పాడుచేస్తున్నానని మొదటిసారి తెలిసి భయం వేసింది.

వెనక్కి వచ్చి బస్తాల మీదికి ఎక్కాడు. "వినుండ్రి! ఆ పుస్తకం చిల్లుది. కట్టకు యాభయ్యే. నేను కాయితం చూసిన, కుట్టు చూసిన, వాసన చూసిన" అన్నాడు. ఇక్కడ గొంతు కాస్త తగ్గింది. "రాసింది చదవలే."

ఎవరూ నవ్వలేదు. ముత్తక్క నడుముకు చుట్టుకున్న గుడ్డమూట విప్పింది. అందులో పదేసి ఆకులు, నారతో కట్టి, సిద్ధంగా ఉన్నాయి. రామక్క విప్పింది. వరుస మొత్తం విప్పింది. జీపు వచ్చేసరికి ప్రతి కట్టలో యాభై ఆకులున్నాయి.

"ఇదంతా నీ పనేనా?" అన్నాడు సీతయ్య, ప్రమీల దగ్గరికి పోయి.

ప్రమీల ఒడిలోని మహాసాగరం తెరిచింది. దాని నడిమిలో పెట్టుకొని ఆమె చదువుతున్నది సంక్షిప్త దర్శిని.

"ఇదెప్పుడు వచ్చింది?"

"నువ్వు ఖమ్మం బస్సెక్కిన పొద్దుగాలే దుకాణానికి ఫోను చేసిన. ఇసొంటివి ఎనిమిది కండక్టరుతో పంపిచ్చిండు. నీ బస్సులనే వచ్చినయ్."

సీతయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో డ్రైవరు పక్కన ఒక చిన్న పార్శిలు ఉంది. దాని మీద ఆయన కాళ్లు చాపుకొని వచ్చాడు.

శిక్ష పెద్దదేం కాదు. ఎనిమిది దర్శినుల్లోనూ ఇరవయ్యారేసి తప్పులు ఎర్ర పెన్నుతో దిద్దమంది ప్రమీల. ఆ దిద్దడంలో సీతయ్య జీవితంలో మొదటిసారి ఒక పుస్తకం చదివాడు, అదీ ఎనిమిది సార్లు. మహాసాగరాలు కూడా వృథా పోలేదు. కల్లంలో కట్టల మీద కప్పే పరదా గాలికి లేవకుండా మూలకు రెండేసి చొప్పున పెట్టారు. ఆ పనికి మాత్రం అవి నిజంగా ఫస్టు గ్రేడే.

ప్రమీలకు ఉద్యోగం వచ్చింది. నాగలక్ష్మికీ వచ్చింది. ప్రమీలకు వచ్చిన రోజు సీతయ్య కల్లేదారునన్న సంగతి మరిచి వీధిలోనే ఏడ్చాడు. ఆ తర్వాత ఏడాది పొడుగునా పుస్తకం ఎలా కొనాలో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు. "తన తప్పు తానే ముందు చెప్పుకున్నదే నమ్మకమైనది. గదే కొనాలె" అనేవాడు. ఈ సంగతి తానే కనిపెట్టినట్టు చెప్పేవాడు.

మళ్లీ వేసవి వచ్చింది. ముత్తక్క మొదటి మూట దించింది.

"సారూ, ఇందుల మూడో కట్టల ఒకాకు తక్కువ. ముందే చెప్తున్న."

సీతయ్య ఆమె ముఖం చూశాడు. ఏడాదిగా తాను చెబుతున్న మాటే తన ముందుకొచ్చి నిలబడింది. తల ఊపి ఆ కట్ట తీసుకున్నాడు. రామక్క రెండో కట్టలో ఒకాకు తక్కువంది. ఆమె వెనకామె అయిదో కట్టంది. పొద్దు వాలేసరికి ఒకాకు తక్కువని ముందే చెప్పిన కట్టలు అరవై రెండు వచ్చాయి.

ఇంటికి వచ్చి ఈ సంగతి ఎంతో గర్వంగా చెప్పాడు. "ఒక్కరన్నా దాచలే ప్రమీలా! అందరూ ఉన్నదున్నట్టు చెప్పిండ్రు!"

ప్రమీల బడి పిల్లల పలకలు తుడుస్తూ వింది. "చెప్పిన కట్టలు తీసుకున్నవ్, మంచిది" అంది. "చెప్పని కట్టలు లెక్కపెట్టినవా?"

సీతయ్య విప్పిన చెప్పులు మళ్లీ వేసుకొని కల్లం వైపు నడిచాడు.