స్ఫటికం గారి దవడ

"ఎముక అంటే శుద్ధత! శుద్ధత అంటే ఎముక! ఈ సంస్థలో ఈ రెండిటికీ తేడా లేదు!" అని మా డైరెక్టరుగారు ఎప్పట్లాగే పంటినొప్పి చెంప పట్టుకుని సెలవిచ్చినప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. కొట్టకపోతే ఏమవుతుందో తెలిసినవాళ్లం కాబట్టి గట్టిగానే కొట్టాం.

మాది కృత్రిమ ఎముక తయారుచేసే సంస్థ. కాల్షియం ద్రావణంలో ఫాస్ఫేట్ ద్రావణం చుక్కచుక్కగా కలిపితే అడుగున తెల్లటి పొడి దిగుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, అచ్చుపోసి కాలిస్తే ఎముకలో పడిన గుంటలు నింపడానికి పనికొస్తుందని మా కరపత్రంలో రాసి ఉంది. నీరు మాత్రం మరిగించి, ఆవిరి పట్టి, మళ్లీ మరిగించినదే కావాలి. లోపల ఎవరైనా తుమ్మితే బయటికి వెళ్లి, క్షమాపణ రాసిచ్చి, తిరిగి రావాలి. ఇంతటి శుద్ధాత్ముడైన డైరెక్టరుగారికి మేం చాటుగా పెట్టుకున్న పేరు స్ఫటికం గారు.

ఒకరోజు నీళ్లు కాచే యంత్రం మొరాయించింది. మర్నాడే నేను నమూనా చూపించాలి. అది నచ్చితేనే నా ఉద్యోగం పర్మనెంటవుతుంది. ఏం చేయను? కెటిల్ అడుగున తెల్లటి పెచ్చు కట్టే మా ఇంటి కుళాయి నీళ్లే తెచ్చి వాడేశాను.

ముక్క తయారైంది. గోటితో గీకితే రాలలేదు. బల్లకేసి కొడితే స్టీలు బల్లకే సొట్ట పడింది! మా శుద్ధజలపు ముక్కలైతే చేత్తో పట్టుకుంటే రాలిపోయేవి. మైక్రోస్కోపులో చూశాక సంగతి తెలిసింది. శుద్ధజలంలో స్ఫటికాలు అడ్డూ ఆపూ లేకుండా సూదుల్లా సాగిపోయాయి. కుళాయి నీటిలో కరిగి ఉన్న మెగ్నీషియం వాటిని అంత పెరగనివ్వలేదు. సన్నటి రేణువులై, ఒకదాన్నొకటి ఒరుసుకుని సర్దుకున్నాయి, అచ్చం మన ఎముకలోలాగే.

ఆనందం పట్టలేక నిజం చెప్పేశాను.

"కుళాయి నీళ్లా!" స్ఫటికం గారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఈ గోడల మధ్య కుళాయి నీళ్లా!"

"మన ఒంట్లో పారేది కూడా కాచిన నీరు కాదు కదండీ. రక్తంలోనూ మెగ్నీషియం, సోడియం..."

"నీ ఒంట్లో ఉంటాయేమో! పారెయ్ దాన్ని!"

సాయంత్రానికి నా చేతికి మెమో వచ్చింది. ఉద్యోగంలోంచి ఎందుకు తీసేయకూడదో సోమవారం విచారణలో చెప్పుకోవాలట.

"ఎవరూ అడక్కుండానే మీరే చెప్పేశారా?" అంది మా ఆవిడ. "ఇంత చదువూ చదివి!"

ఆదివారం తలుపు చప్పుడైంది. తీస్తే స్ఫటికం గారు, చెంప బూరెలా ఉబ్బి, దానికి తువాలు చుట్టుకుని.

"మా అల్లుడు పళ్ల డాక్టరని తెలుసుగా," అన్నారు. "దవడపన్ను పీకాడు. ఎముకలో గుంట పడిందట. నింపాలట."

"మన శుద్ధమైన ముక్క ఉందిగా సార్!"

"వాడు రెండు వేళ్లతో నొక్కాడయ్యా. మా అమ్మాయి ఎదురుగానే పిండైపోయింది." గొంతు తగ్గించారు. "ఆ... రెండోది. పారేశావా?"

"తమరే కదా పారేయమన్నారు."

ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు. నాకే జాలేసింది.

"పారేద్దామని ఇంటికి తెచ్చానండి. మా ఆవిడ ఈ తలుపు గాలికి కొట్టుకుంటోందని కింద అడ్డం పెట్టింది."

స్ఫటికం గారు అమాంతం వంగి, దాన్ని తీసి, తువాలుతో తుడిచి గుండెలకు హత్తుకున్నారు. "అల్లుడు ఆవిరి పెట్టి శుభ్రం చేసుకుంటాడులే. నువ్వు నోరు మెదపకు!"

వెనకాల తలుపు ధడాలున మూసుకుంది.

సోమవారం విచారణ జరగలేదు. నా ఉద్యోగం పర్మనెంటైంది. హోదా: శుద్ధతాధికారి. విధి: ఎవరి కంటా పడకుండా మా ఇంటి నుంచి క్యానుతో కుళాయి నీళ్లు తేవడం.

వార్షికోత్సవంలో డైరెక్టరుగారు మైకు ముందు నిలబడి మళ్లీ సెలవిచ్చారు: "ఎముక అంటే శుద్ధత!"

మునుపు ఈ మాట అనేటప్పుడు చెంప పట్టుకునేవారు. ఈసారి ఖంగుమని అన్నారు. అనరూ మరి? దవడ మా కుళాయిది!

నేనూ చప్పట్లు కొట్టాను. అందరికంటే గట్టిగా.