మాస్టారి చెవి, అమ్మాయి బొటనవేలు

"ఆ రెండు వేళ్లూ ఊడి చేతిలోకొస్తే అప్పుడేం చేస్తావే?"

పొద్దున్నే లేచి కూతురి చెయ్యి చూడగానే తల్లి అన్న మొదటి మాట అది. అప్పటికింకా ఏమీ జరగలేదు. అమ్మాయి కుడిచేతి చూపుడువేలికీ మధ్యవేలికీ చివర్లలో బఠాణీ గింజలంత బొబ్బలు లేచాయి, అంతే.

"ఊడవమ్మా. కొన్నాళ్లకి అవే కాయ కాస్తాయి."

"కాయ కాస్తాయట! వేళ్లా, వంగ మొక్కలా?"

తల్లి ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆమె వేసే కుట్టు ఎంత గట్టిదో గుండె అంత పిరికిది. ఫోను మోగితే చెడ్డ కబురేమోనని భయం. మోగకపోతే, ఆ కబురు చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదేమోనని ఇంకా భయం. వీధిలోవాళ్లు ఆమెకు 'ఏమవుతుందో గారు' అని పేరు పెట్టారు. అది తెలిసి ఆమె నొచ్చుకోలేదు. తోటి మనిషికి పేర్లు పెట్టినందుకు వాళ్లకేమవుతుందో అని మాత్రం కాస్త దిగులుపడింది.

అమ్మాయి వాయించేది బేస్ గిటారు. మామూలు గిటారుకన్నా పొడుగు, తీగలు నాలుగే, అవీ లావుపాటివి. పాటలో ముందు నిలబడి మెరిసేది కాదు, అడుగున ఉండి పాటను మోసేది. ఎవరూ నేర్పకుండా సొంతంగా పట్టుకున్న విద్య కాబట్టి అమ్మాయి మొదట్నుంచీ బొటనవేలితోనే మీటింది. తల్లి మిషను పక్కన పీట వేసుకుని, ఆ టకటకలకు వరస కలుపుతూ ఏళ్ల తరబడి మీటగా మీటగా ఆ బొటనవేలు గోళీకాయలా గట్టిపడిపోయింది. ఆ వేలు పూర్తిగా రాయైపోతుందేమోనని తల్లి బెంగపెట్టుకుంది. ఆ బెంగ అలవాటైపోయి కాస్త తెరిపిన పడేసరికి, ఇదిగో, కొత్తగా ఈ రెండు వేళ్లు.

దీనంతటికీ కారణం మాస్టారు. ఊళ్లో పేరున్న వాద్యబృందం ఆయనది. అందులో బేస్ వాయించే అతను వేరే ఊరు వెళ్లిపోవడంతో ఆ చోటు ఖాళీ అయింది. ఇవాళ పదకొండింటికి దానికే ఆడిషన్. మాస్టారి పట్టింపులు అందరికీ తెలిసినవే. వాయించేవాళ్ల ముఖం చూడరు, గోడవైపు తిరిగి కూర్చుని వింటారు. "ముఖం చూస్తే చెవి మెత్తబడుతుంది" అంటారు. ఇక బొటనవేలితో మీటేవాళ్లను గుమ్మం తొక్కనివ్వరు. "బొటనవేలు స్వరాన్ని ముద్దచేసి నములుతుంది. రెండు వేళ్లు ఒకదాని వెనక ఒకటి నడవాలి, అప్పుడే స్వరం నోరు విప్పుతుంది. వినగానే నేను ఏ వేలో చెప్పేస్తాను" అని ఆయన గొప్ప. ఆ మాట విని అమ్మాయి పుట్టుకతో వచ్చినట్టున్న అలవాటును మానుకుని, నెల్లాళ్లుగా రెండు వేళ్ల నడక నేర్చుకుంటోంది.

తల్లీకూతుళ్ల మధ్య ఒక ఒప్పందం జరిగింది. ఇవాళ చోటు దొరికిందా, సరే. దొరకలేదా, గిటారు అటకెక్కుతుంది, అమ్మాయి వచ్చి కాజాలు కుట్టే మిషను ముందు కూర్చుంటుంది. తల్లికి రెండోదే ఇష్టమని వేరే చెప్పక్కర్లేదు. కాజాలు కుట్టి వేళ్లు ఊడగొట్టుకున్నవాళ్లను ఆమె ఎక్కడా చూడలేదు.

అయినా కన్న ప్రాణం ఊరుకోదు కదా. అమ్మాయి స్నానానికి వెళ్లగానే తల్లి గిటారు సంచీ విప్పింది. తీగల మీద చెయ్యి వేసి చూసి ఉలిక్కిపడింది. ఇవి తీగలా, బావి గొలుసులా! పిల్ల వేళ్లు బొబ్బలెక్కకేం చేస్తాయి? దారం వేలిని కోస్తుంటే ఏం చేస్తాం? దారానికి మైనం పడతాం. ఆమె కొవ్వొత్తి తెచ్చి నాలుగు తీగలకూ శుభ్రంగా రుద్దింది. దెబ్బ గట్టిగా తగులుతుంటే ఏం చేస్తాం? కింద మెత్తగా ఏదో ఒకటి పెడతాం. తీగలు ముగిసే చోట ఒక లోహపు మూత కనిపించింది. మిషను స్క్రూడ్రైవరుతో దాన్ని ఊడదీసి, కోటు భుజాల కింద పెట్టే స్పాంజి పట్టీని సగానికి కత్తిరించి, తీగల కింద ఇరికించి, మూత మళ్లీ బిగించింది. ఒక తీగ మీటి చూసింది. ఎప్పుడూ ఇల్లంతా మోగే తీగ 'దుబ్' అని ఊరుకుంది.

"చూశావా, ఎంత నెమ్మదించావో" అని గిటారును మెచ్చుకుని సంచీ మూసేసింది.

అమ్మాయి హడావిడిగా వచ్చి సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. తండ్రి టీ తాగుతున్నాడు. సరుకుల వ్యాను నడుపుతాడాయన. రోజంతా రోడ్డు మీద హారన్లు విని విని ఇంట్లో శబ్దం చేయడానికి ఇష్టపడడు. ఏది అడిగినా "ఏమో" అంటాడు. ఆ 'ఏమో' పునాది మీద భార్య మేడలు కట్టేస్తుంది.

"ఏమండీ, గిటార్లో స్పాంజి పెట్టాను. పర్లేదుగా?"

"ఏమో. కరెంటుది కదా."

"కరెంటేంటి? అది చేత్తో వాయించేది!"

"వాయించేది చేత్తోనే. స్పీకరుకి వైరు తగిలిస్తారుగా."

"అయితే స్పాంజి అంటుకుంటుందా?"

"ఏమో."

"తీగలకి కొవ్వొత్తి కూడా రుద్దానండీ."

తండ్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "కొవ్వొత్తా?" అన్నాడు.

ఆయన టీ మానేసి ఎదురు ప్రశ్న వేశాడంటే అది చిన్న విషయం కాదు. తల్లి వెంటనే కూతురికి ఫోను చేసింది. కట్టేసి ఉంది. హాలు నంబరు వెతికి అక్కడికి చేసింది. వాచ్‌మన్ ఎత్తాడు.

"బాబూ, ఇవాళ అక్కడికొచ్చిన ఒక గిటార్లో నేనొక వస్తువు పెట్టాను."

"ఏం వస్తువమ్మా?"

"మెత్తటిదేలే నాయనా. కానీ కరెంటు తగిలితే ఏమవుతుందో మాత్రం నాకు తెలీదు."

"ఏ గిటారు?"

"నల్ల సంచీలోది."

వాచ్‌మన్ తల తిప్పి వరండాలోకి చూశాడు. అక్కడ బెంచీల మీద కూర్చున్న ప్రతివాళ్ల ఒళ్లోనూ నల్ల సంచీయే ఉంది. అతను ఫోను పెట్టేసి, మరో ఆలోచన లేకుండా మెయిన్ స్విచ్ కట్టేశాడు.

తల్లి, తండ్రి వ్యానులో వెళ్లేసరికి హాలంతా చీకటి. మనుషులంతా బయట ఎండలో నిలబడి ఉన్నారు. నల్ల సంచీలన్నీ ప్రహరీ వెంబడి బారుగా పడుకోబెట్టి, నీళ్ల బక్కెట్టు పట్టుకుని వాచ్‌మన్ కాపలా కాస్తున్నాడు. తల్లిని చూసి కూతురు తెల్లబోయింది.

"నువ్వెందుకొచ్చావమ్మా?"

"ఊరికే" అంది తల్లి. ఆమె చేతిలో బొబ్బల మందూ, కరెంటు పట్టకుండా వేసుకోమని తెచ్చిన రబ్బరు చెప్పుల జతా ఉన్నాయి.

"ఎవరో పిచ్చిది ఫోను చేసి గిటార్లో ఏదో పెట్టానందట. అందరం ఇలా రోడ్డున పడ్డాం. మాస్టారు మండిపడుతున్నారు."

"ఎలాంటి మనుషులుంటారో చూడు" అంది తల్లి, మొగుడి వైపు చూడకుండా.

"ఏమో" అన్నాడు తండ్రి.

వాచ్‌మన్ ఒక్కొక్క సంచీ జిప్పు కర్రతో తీసి చూశాడు. గిటార్లు తప్ప ఏమీ లేవు. మూతల కింద చూడాలని అతనికేం తెలుసు! కరెంటు వచ్చింది. గుమ్మానికి దగ్గరగా ఉన్న సంచీ అమ్మాయిదే కావడంతో ముందు ఆమెనే పిలిచారు.

"ఒసే, ఒక్క మాటే, అది కాదే..." అని తల్లి వెంటపడేలోపల తలుపు మూసుకుంది. తలుపుకున్న అద్దానికి ముక్కు ఆనించి, రబ్బరు చెప్పులు గుండెకు హత్తుకుని ఆమె నిలబడిపోయింది.

లోపల మాస్టారు గోడవైపు తిరిగి స్టూలు మీద కూర్చున్నారు. మూల డ్రమ్స్ దగ్గర ఒకతను ఉన్నాడు. అమ్మాయి వైరు తగిలించింది. తల్లి కళ్లు మూసుకుంది. మంట రాలేదు, పొగ రాలేదు. వచ్చిందల్లా 'దుబ్ దుబ్ దుబ్' అని, పరుపు దులుపుతున్నట్టు ఒక చప్పుడు. తీగలు వేళ్ల కింద జారిపోతున్నాయి. ఇదేం ఖర్మో అర్థంకాక అమ్మాయి ఇంకా అదిమి, రెండు వేళ్లతో ఇంకా గట్టిగా లాగింది. బొబ్బలు రెండూ చిట్లాయి.

మాస్టారు చెయ్యెత్తారు. "బొటనవేలు."

"కాదు మాస్టారూ, రెండు వేళ్లతోనే..."

"ఈ చెవిని బుకాయించలేవు అమ్మాయ్. ఆ ముద్ద బొటనవేలిదే. వాయించడం రాకపోతే నేర్చుకోవచ్చు. అబద్ధాలు చెబితే ఎలా? తర్వాతి వాళ్లని పంపించు."

డ్రమ్స్ అతను కళ్లారా చూశాడు. నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు. ఆ బృందంలో మాస్టారి చెవికి ఎదురు చెప్పినవాళ్లు లేరు.

తలుపు వెనక తల్లికి అంతా వినబడింది. నిప్పు అంటుకోలేదు, షాకు కొట్టలేదు, గిటారు అటకెక్కబోతోంది. ఇన్నాళ్లుగా ఆమె కోరుకున్నది ఇదే. ఇప్పుడు నోరు మూసుకుని నిలబడితే చాలు, రేపట్నుంచి కూతురు తన పక్కనే కూర్చుంటుంది. కానీ లోపల అమ్మాయి నెత్తురు కారుతున్న రెండు వేళ్లను గుప్పిట్లో దాచుకుని నేల చూస్తోంది. అబద్ధాలకోరు అనిపించుకుని మరీ కాజాలు కుట్టాల్సిన పిల్ల కాదది. తల్లి తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"మా పిల్ల అబద్ధం ఆడదండీ. రెండు వేళ్లతోనే వాయించింది. కావాలంటే వేళ్లు చూడండి."

"నేను చూడనమ్మా. వింటాను" అన్నారు మాస్టారు గోడతో.

"అయితే వినండి. ఆ ముద్ద నేను పెట్టిందే."

ఆమె తన చేతిసంచీలో ఇంటినుంచి వేసుకొచ్చిన మిషను స్క్రూడ్రైవరు తీసి, మూత విప్పి, సగం భుజం పట్టీ బయటికి లాగింది. తల్లి గుడ్డపీలికతో తీగల మీద మైనం తుడుస్తూ, చెప్పేదేదో అంతా ఒకేసారి చెప్పేస్తే పోతుందనుకుంది.

"ఫోను చేసిన పిచ్చిదాన్ని కూడా నేనేనండీ."

"మీరామ్మా!" అన్నాడు గుమ్మంలోంచి వాచ్‌మన్, బక్కెట్టుతో సహా.

"అమ్మా..." అంది కూతురు. అందులో కోపం ఎంతో, ఏడుపు ఎంతో చెప్పడం కష్టం.

మాస్టారు వెనక్కి తిరగలేదు. "అన్నీ తీసేశారు కదా? మళ్లీ వాయించమనండి. ఒక్కసారే."

అమ్మాయి రెండు వేళ్లనూ తీగ మీద ఆనించి, వెంటనే వెనక్కి లాక్కుంది. పచ్చి పుండు మీద ఇనుము ఆనినట్టుంది. తల్లి వంక చూసింది. ఆ తర్వాత తనకు తెలియకుండానే అన్నట్టు వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి, పాత బొటనవేలు బయటికి వచ్చింది. కాయ కాసిన ఆ వేలు తీగకు తగలగానే గది గంటలా మోగింది. ఒక్కొక్క స్వరం పూసలు గుచ్చినట్టు విడివిడిగా, స్పష్టంగా, తడబాటు లేకుండా పలికింది. డ్రమ్స్ అతను ఆగలేక మధ్యలో పుల్లలు అందుకున్నాడు.

మాస్టారి భుజాలు సడలాయి. తల ఊగింది.

"ఇదీ! రెండు వేళ్లంటే ఇవీ! ఎంత తేటగా అడుగులు వేస్తున్నాయో విన్నారా? బొటనవేలు జన్మలో ఇలా పలుకుతుందా?"

డ్రమ్స్ అతను ఇంటికప్పు పరిశీలిస్తున్నాడు. అమ్మాయి తల వంచుకుంది. వాచ్‌మన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తల్లి ఒక్క నిమిషం ఊరుకుంటే పని అయిపోయేది. కానీ రేపు వేదిక మీద, వెయ్యిమంది ముందు, మాస్టారు ఏ దోమ కుట్టో ఇటు తిరిగి ఆ బొటనవేలు చూస్తే? పాట మధ్యలో పిల్లను దించేస్తే? అర్ధరాత్రి బస్సు దొరక్కపోతే? పైన వర్షం కూడా పడితే?

"మాస్టారూ, కోప్పడకండి. ఇప్పుడు వాయించింది బొటనవేలితోనండీ."

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఊరుకో!"

"ఎప్పుడో బయటపడేకన్నా ఇప్పుడే తెలియడం మంచిది కదే. ఇంతకీ మాస్టారూ, మా అమ్మాయిని తీసుకున్నట్టా, తీసుకోనట్టా?"

మాస్టారు కదల్లేదు. డ్రమ్స్ అతను పుల్లలు మెల్లగా ఒళ్లో పెట్టుకున్నాడు. బయట వరుసలో ఉన్నవాళ్లు ఒకరొకరుగా గుమ్మం దగ్గరకు చేరారు. మాస్టారు కుడిచెవిని ఒకసారి వేలితో తడుముకున్నారు, అది ఇంకా అక్కడే ఉందా అన్నట్టు. ఆయనకు ఏమైనా అయిందేమోనని తల్లి అప్పుడే మంచినీళ్ల కోసం చుట్టూ చూస్తోంది.

చివరికి గోడవైపు నుంచే గొంతు వినిపించింది.

"రేపట్నుంచి రమ్మనండి. ఏ వేలితో వాయించిందో మాత్రం ఇకమీదట నాకెవరూ చెప్పకండి."