ముల్లు పచ్చలోనే ఉంది

సోమవారంనాడు పుట్టాడని అమ్మానాన్నలు అతనికి సోంబరు అని పేరు పెట్టారు. పెళ్లయిన మర్నాటి నుంచీ కృపావతి దాన్ని "సోమరి" అనే పలుకుతోంది. ఆ ఇంట్లో కృప అనేది ఆవిడ పేరులో తప్ప మరెక్కడా లేదని సోంబరు బాధ.

గొడవల్లా కాఫీ నారుమడి గురించే. మడి ఇంటి వెనక ఉంది, నీళ్లు పారే గెడ్డేమో కొండ దిగువన ఉంది. ఎండాకాలం నీళ్లు మొయ్యడం సోంబరు వంతు. నిరుడు "రేపు పోస్తానే" అంటూ అతగాడు రోజులు గడిపేసరికి నారంతా మాడిపోయి, దాన్ని నాటాల్సిన మెట్ట బోడిగా మిగిలింది. ఆ మెట్టను చూసి కృపావతి ఏడ్చింది. ఈ ఏడు కూడా నారు పోతే ఆమె తనను మనిషిగా చూడదని సోంబరుకు భయమే. భయమైతే ఉంది, ఒళ్లు వంగడమే లేదు.

అలాంటప్పుడు కాఫీ ఆఫీసు రవిబాబు వచ్చి మడిలో ఓ ఇనుప పుల్ల గుచ్చాడు. దాని తలమీద గడియారంలాంటి బిళ్ల, అందులో ఓ ముల్లు.

"ముల్లు ఎరుపులో ఉంటే నేల ఎండినట్టు, మడంతా తడపాలి. పచ్చలో ఉంటే ఆ రోజు నీళ్లక్కర్లేదు," అన్నాడు.

"అయితే కూకోవచ్చా బాబూ?" సోంబరు మొహం వెలిగిపోయింది.

"ముల్లు సెప్తే కూకో. నువ్వు సెప్తే కుదరదు," అంది కృపావతి.

మర్నాడు కోడి కుయ్యకముందే సోంబరు లేచాడు. అది చూసి కోడి కంగారుపడింది. చెంబెడు నీళ్లు సరిగ్గా పుల్ల మొదట్లో పోశాడు. ముల్లు పచ్చలోకి వచ్చింది. అతను అరుగుమీదికి వచ్చి చుట్ట ముట్టించాడు.

"ఏటి మావా, కూకున్నావు?"

"నాను కూకోలేదే. ముల్లు కూకోబెట్టింది."

వారంపాటు ఇలాగే రాజ్యమేలాడు. ఈలోగా మడి అంచున ఆకులు వాలిపోయాయి. కృపావతి వాటిని చూసింది. పుల్ల చుట్టూ మాత్రమే ఉన్న బురదనూ, అందులో మొగుడి పాదాల గుర్తులనూ చూసింది.

మర్నాడు పుల్ల మరో మూలకు చేరింది.

"దాన్నెవులే కదిపారు?" అన్నాడు సోంబరు, అంబలి తాగుతూ.

"కోళ్లు మావా. తిన్నగా ఉండవు కదా."

ఆ మూల నేల చెంబెడు నీళ్లూ మింగేసి ముల్లును ఎరుపులోనే ఉంచింది. ఇంట్లో నీళ్లు ఇంకా తీస్తే పెళ్లాం పసిగడుతుంది. చేసేది లేక బిందె పట్టుకుని గెడ్డకు దిగాడు. బిందె మీద బిందె పోశాకగానీ ముల్లు కదల్లేదు. ఆ మర్నాడు పుల్ల ఇంకో వరసలో ఉంది. ఆ తర్వాత మరో వరసలో. కోళ్లకిదేం పోయేకాలమని తిట్టుకుంటూ రోజూ చీకట్లోనే మోశాడు.

చెంబుతో మొదలైన కపటం తడిసి మోపెడైంది. పగలు చుట్ట నోట్లో ఉండగానే కునుకు పట్టేది. "కూకునీ కూకునీ అలిసిపోనావు మావా," అంటూ కృపావతి అంబలి ఓ గరిటె ఎక్కువ పోసేది.

తొలకరి ముందు రవిబాబు వచ్చి నోరెళ్లబెట్టాడు. "ఊళ్లో అందరి మడులూ సగం ఎండిపోయాయి. మీది నిగనిగలాడుతోంది! ఇన్ని నీళ్లు ఎవరు మోశారు?"

సోంబరు ఛాతీ పొంగింది. "నాను" అనబోయి నాలుక కరుచుకున్నాడు. మోశానంటే, రోజూ ముల్లును పచ్చలోకి తెస్తున్న మోసం బయటపడుతుంది.

"ఎవులూ మొయ్యలేదు బాబూ. ముల్లు పచ్చలోనే ఉంది," అన్నాడు, కాయలు కాసిన అరచేతులు వెనక్కి దాచుకుంటూ.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒళ్లొంచి పనిచేస్తే, అది చెప్పుకునే భాగ్యం కూడా లేకపోయింది. నిజంగానే ఏడుపొచ్చింది.

నారంతా మెట్టమీదికి చేరిన సాయంత్రం, కృపావతి సంత నుంచి కొత్త బిందె తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఏటే ఇది?"

"పాతదానికి సిల్లు పడింది మావా. రోజూ తెల్లారగట్ల గెడ్డ కాడి నుంచి దారంతా తడిపేత్తన్నావు. దారిలో మనం నారెయ్యలేదు కదా!"