ఒకే గుడారంలో ఇద్దరు వీరులు

ఆ మంగళవారం లొరీనా టాకెట్ వేసుకున్న ప్రణాళిక చిన్నదే. ఎనిమిదింటికి ఉత్తరం పోస్టు చెయ్యాలి, తొమ్మిదింటికి తలకు రోలర్లు చుట్టుకోవాలి, శనివారం లోగా ఓపల్ ప్రూయిట్ పరువు తియ్యాలి. మొదటి రెండూ సవ్యంగానే జరిగిపోయాయి.

కెంటకీలోని ఆ చిన్న ఊళ్లో అమెరికా స్వాతంత్ర్య సమర వీరుల వారసుల సంఘం ఉంది. శనివారం దానికి అధ్యక్షురాలి ఎన్నిక. పోటీలో ఉన్నది రిటైరైన టీచరు లొరీనా, ఆమెకు ముప్పై ఏళ్లుగా కంట్లో నలుసైన ఓపల్. లొరీనా పూర్వీకుడు జోసయాకు ఆ యుద్ధంలో పోరాడినందుకు నూరెకరాలు ఇచ్చారు. ఆ మాట చెక్కిన కంచు పలక ఇప్పటికీ ఆమె గేటు మీద మెరుస్తుంటుంది, ఆమె దాన్ని రోజూ తుడుస్తుంది. ఓపల్ పూర్వీకుడు ఇలైజాకు సైనిక పెన్షన్ వచ్చింది. అయితే ఇలైజా ఏ వారం యుద్ధంలో ఉన్నానని చెప్పుకున్నాడో సరిగ్గా ఆ వారమే అతను వర్జీనియా కోర్టులో ఒక పంది దొంగతనం కేసుకు జ్యూరీలో కూర్చున్నట్టు లొరీనా పాత రికార్డుల్లో పట్టేసింది. ఆ పేజీ నకలు జతచేసి, ప్రూయిట్లను సంఘం నుంచి తొలగించాలని కేంద్ర కార్యాలయానికి రాసింది. ఎనిమిదింటికి డబ్బాలో పడింది ఆ ఉత్తరమే.

పదింటికి వచ్చిన టపాలో, ఆమె ఎప్పుడో అడిగిన ఇలైజా పెన్షన్ ఫైలు ఉంది. నవ్వుకుంటూ విప్పింది. మూడో పేజీకల్లా నవ్వు ఆగిపోయింది. ఇలైజాకు ఉన్నది ఒకే ఒక్క సాక్షి, జోసయా టాకెట్. యుద్ధమంతా ఇద్దరం ఒకే గుడారంలో ఉన్నామని, ఒక్క పూట కూడా విడిపోలేదని జోసయా బైబిలు మీద ప్రమాణం చేశాడు. ఇలైజా అబద్ధాలకోరైతే జోసయా మాటేమిటి? నూరెకరాల మాటేమిటి? లొరీనా కిటికీలోంచి గేటు మీది పలక కేసి చూసింది. పదకొండుకు టపా బండి వెళ్లిపోతుంది.

రోలర్లతోనే పరుగెత్తింది. పోస్టాఫీసు ముందున్న డబ్బాలో చెయ్యి పెడితే మోచేతి దాకా వెళ్లి ఇరుక్కుంది. పోస్టుమాస్టరు డెల్బర్ట్, ఒకప్పటి ఆమె శిష్యుడు, తాళం తీసి విడిపించి లోపలికి తీసుకెళ్లాడు. చిరునామా తప్పు రాశానని ఆమె చెప్పింది. ఆ చిరునామా తనకు కంఠస్థమని, తప్పేమీ లేదని అతనన్నాడు. దాంతో ఆమె, పొరపాటున తన మందుల చీటీ అందులో పడిందని, ఆ మందులు లేకపోతే ప్రాణానికే ముప్పని చెప్పేసింది. అతను వెంటనే డాక్టరుకు ఫోన్ తిప్పాడు. వరసలో నిలబడ్డ పాస్టరు భార్య, జబ్బుపడ్డ ఆమె ఇంటికి ఎవరు ఏ రోజు కాసెరోల్ కూర వండి పంపాలో కవరు వెనక రాయడం మొదలుపెట్టింది.

"ఫోన్ పెట్టెయ్, డెల్బర్ట్. నా ఉత్తరం నాకివ్వు."

"ఇస్తాను టీచర్‌గారూ. ఈ ఫారం నింపండి, ఒక సాక్షి సంతకం కావాలి. మీరు నాకు తెలుసు గానీ ఫారానికి తెలీదుగా."

గడియారంలో పది నలభై. అప్పుడే తలుపు తోసుకుని ఓపల్ వచ్చింది. ఆమె కాళ్లకు ఇంట్లో తొడుక్కునే చెప్పులున్నాయి.

లొరీనాను మూలకు లాగి, "నేను తెప్పించిన మీ జోసయా నూరెకరాల ఫైలు ఇవాళే వచ్చింది" అంది మెల్లగా. "వాడి ఒకే ఒక్క సాక్షి మా ఇలైజా. నేను కూడా పొద్దున్నే నీ మీద ఉత్తరం పడేశాను."

"దేని గురించి?"

"పంది కేసు."

"ఆ పేజీ నేనూ చూశాను. జ్యూరీలో మీవాడున్నాడు."

"తర్వాతి పేజీ చూడలేదా? పంది ఎత్తుకెళ్లింది మీవాడు."

లొరీనా గొంతు తగ్గించింది. "శిక్ష పడిందా?"

"ఎలా పడుతుంది? జ్యూరీలో మావాడున్నాడుగా."

బయట టపా బండి హారన్ మోగింది. ఇద్దరూ చెరో ఫారం అందుకుని, చిరునామా తప్పు పడిందని రాశారు. లొరీనా చెప్పింది అక్షరాలా నిజమని ఓపల్, ఓపల్ చెప్పింది అక్షరాలా నిజమని లొరీనా సంతకాలు చేశారు. డెల్బర్ట్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు కవర్లూ తిరిగి ఇచ్చేశాడు.

వాళ్ల వారసత్వానికి ఇక వేరే రుజువు అక్కర్లేకపోయింది.