స్ప్రింగు లేని టేపు

మణికొండలోని తన ఇంట్లో మధుసూదన్ పొద్దున్నే కాఫీ గ్లాసుతో నేల మీద చతికిలబడ్డాడు. ఎదురుగా ఇంజనీరింగ్ చదివే కూతురు తేజస్విని చేసిన బండి ఉంది. పాత సీడీలే దాని చక్రాలు. పోటీ ఆ రోజే. బ్యాటరీ లేకుండా, ఒక్క స్ప్రింగు బలంతో బండి పది మీటర్లు పోవాలి. చుట్టి వదలగానే అది హాలు దాటి, వంటింట్లో బియ్యం డబ్బాకు గుద్దుకుని ఆగింది.

"అబ్బ, ఏం బలం మ్మా దీనికి! యాడ దొరికింది ఈ స్ప్రింగు?"

"దొరికిందిలే నాన్నా," అని తేజస్విని బండిని సంచిలో వేసుకుని జారుకుంది.

తెల్లాపూర్ చేరేదాకా ఆ స్ప్రింగే మధుసూదన్ బుర్రను తొలిచింది. ఆయనది ఫ్లాట్లు అమ్మిపెట్టే పని. చెరువు పక్కనున్న ఒక ఫ్లాటును సీతారామాంజనేయులుకి చూపించడం ఇది మూడోసారి. ఈసారీ కుదరకపోతే వేరే ఏజెంటును చూసుకుంటానని ఓనరు తెగేసి చెప్పాడు. సీతారామాంజనేయులు రిటైరైన లెక్కల మాస్టారు. సఫారీ సూటు, చంకలో నోటు పుస్తకం. కొలవందే నమ్మడు, కాగితం చూడందే కదలడు.

"చెరువు మరీ దగ్గరండీ. అనుమతి కాగితాలు ఏవండీ?"

ఆ కాగితాలు అసోసియేషన్ సెక్రటరీ అనసూయమ్మ బీరువాలో ఉన్నాయి. మూడు వారాలుగా ఆమెది ఒకటే మాట, రేపు రమ్మని.

"వస్తాయి సార్. ముందు బాల్కనీ కొలుద్దాం," అని మధుసూదన్ టేపు తీశాడు. లాగితే వచ్చింది. వదిలితే వెనక్కి పోలేదు. ఇంకాస్త లాగితే ఇంకాస్త వచ్చింది. అనుమానం వచ్చి డబ్బా ఊపి చూశాడు. లోపల స్ప్రింగు లేదు, డొల్ల. పొద్దుటి నుంచీ తొలుస్తున్న ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ కంగారులో టేపు చెయ్యి జారి, మూడో అంతస్తు కమ్మీల సందుల్లోంచి చెరువు వైపు వేలాడింది. చివరికొస మాత్రం ఎలాగో పట్టుకున్నాడు.

కింద వాచ్‌మన్ ఐలయ్య తలెత్తి చూశాడు. పచ్చటి టేపు, పైన సఫారీ సూటు.

"అమ్మో! చెరువు కొలిచేటోళ్ళొచ్చిన్రు! మొన్న పక్క కాలనీల గిట్లనే కొలిచిన్రు, పొద్దుగూకే వరకు జేసీబీ వచ్చి ఇండ్లు కూలగొట్టింది!"

ఈ కబురు వాట్సాప్ గ్రూపులో పడింది. పది నిమిషాల్లో నలభై మంది మూడో అంతస్తుకి ఎగబాకారు. ఒకాయన సగం గీసుకున్న గడ్డంతోనే వచ్చాడు. అందరికంటే ముందు అనసూయమ్మ, ఆమె నెత్తిన కాగితాల పెట్టె.

"అమ్మా, ఆయన ఆఫీసరు కాదు..." అన్నాడు మధుసూదన్.

"నువ్వు జర ఆగు! సార్, అన్ని కాయితాలున్నయి, మీరే చూడున్రి!"

కాగితం ఇస్తానంటే వద్దనే అలవాటు మాస్టారుకి లేదు. కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. గంటసేపు ఒక్కో పేజీ, ఒక్కో ముద్ర. మధుసూదన్ టేపు పట్టుకునే నిలబడ్డాడు.

"అన్నీ సక్రమంగానే ఉన్నాయండీ," అన్నాడు మాస్టారు కళ్ళజోడు తీసి.

"అయితే కూలగొట్టరు కద సార్?"

"కూలగొట్టడమేవిటండీ? నేను కొనుక్కుందామని వస్తేనూ!"

ఓనరును పిలిపించి సంతకాలు అక్కడే కానిచ్చేశారు. అంతలో ఫోను మోగింది.

"నాన్నా, పదకొండు మీటర్లు పోయింది! ఫస్ట్! నీతో ఒక మాట చెప్పాల..."

"తెలుసులే మ్మా," అన్నాడు మధుసూదన్. తిడదామనుకున్నవాడికి నవ్వొచ్చింది.

మర్నాడు ఆయన కొత్త టేపు కొని కూతురికిచ్చాడు. పాతది మాత్రం తర్వాతి ఫ్లాటు కోసం జాగ్రత్తగా చుట్టి పెట్టుకున్నాడు.