ఇల్లంతా నాకు కుడివైపే

మీరు నా వాళ్లు కాబట్టి చెబుతున్నాను, ఈ మాట మన బర్మామైన్స్ పేట దాటకూడదు. మొన్నామధ్య మూడు వారాల పాటు నాకు ఎడమవైపు ప్రపంచమే లేదు. మెడ పట్టేసింది. కుడికి తిరిగేది, ఎడమకి తిప్పితే ప్రాణం పోయేది.

నేను టాటానగర్ యార్డులో రైలు పెట్టెల్ని అటూ ఇటూ జరిపే షంటింగు ఇంజను నడుపుతాను. తల కిటికీలోంచి బయటపెట్టి వెనక్కి చూడటమే నా ఉద్యోగం. మెడ సంగతి రైల్వే డాక్టరుకి తెలిస్తే అన్‌ఫిట్ అని రాసి, ఇరవై రెండేళ్ల ఇంజను లాక్కుని ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారని నా భయం. డాక్టరుకి తెలియకూడదంటే ముందు మా ఆవిడ పైడితల్లికి తెలియకూడదు. అందుకని ఇంట్లో వాస్తు సరిచేయాలని చెప్పి సెలవు పెట్టేశాను.

కాలేజీకి వెళ్లే మా అమ్మాయి నవ్య చేత తోయించి మంచం, టీవీ, ఫ్రిజ్జు అన్నీ నాకు కుడివైపు వచ్చేలా జరిపించాను.

"ఇదేటి వాస్తండీ, ఫ్రిజ్జు తీసుకొచ్చి మంచం పక్కనెట్టేరు?" అంది పైడితల్లి.

"ఆగ్నేయంలో బరువెక్కువైపోనాదే."

"మరి నానెక్కడ కూకోవాల?"

"కుడిపక్క."

"పెళ్ళాం ఎడంపక్కుండాల గదా, అదీ శాస్త్రమే," అని వచ్చి ఎడమపక్కనే కూర్చుంది. ఇక ఆవిడ ఏం మాట్లాడినా నేను కుర్చీతో సహా తిరగాల్సి వచ్చింది.

నవ్య ఫోనులోంచి తలెత్తకుండా, "పాపా, ఆప్ రోబోట్ బన్ గయే," అంది, నాన్న మరమనిషైపోయాడని.

ఆదివారం పొద్దున్న టీ గ్లాసు ఎడమచేతిలోంచి జారి ముక్కలైంది. వారం నుంచీ ఆ చేతి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, ఆ రోజు పట్టే దొరకలేదు. గ్లాసు జిడ్డుగా ఉందన్నాను. పైడితల్లి ముక్కలు ఎత్తుతూ నా ఎడమచేతి వేళ్లకేసి చూసింది.

మర్నాడు మెడకి తువ్వాలు చుట్టుకుని మూలుగుతూ కనిపించింది. "మెడ పట్టేసినాదండీ. రైల్వే ఆస్పటల్‌కి ఎలదాం. నాకు హిందీ సరిగ్గా రాదు గదా, డాక్టరమ్మకి మీరే సెప్పాల."

పాతికేళ్లుగా సాక్చీ బజారులో కూరగాయల వాళ్లని హిందీలోనే హడలగొడుతున్న మనిషి. ఆ సంగతి నాకు తట్టనే లేదు. ఆవిడ పేరు మీద మందు రాయించుకుని నేను వాడుకోవచ్చని లోపల ఒకటే సంబరం.

డాక్టరమ్మ ముందు నా బాధంతా ఆవిడ బాధగా హిందీలో ఏకరువు పెట్టాను. మూడు వారాలైందన్నాను. నొప్పి భుజం మీంచి చేతిలోకి దిగుతోందన్నాను. తిమ్మిరి రోజురోజుకీ పెరుగుతోందనీ, నిన్న గ్లాసు కూడా జారిపోయిందనీ చెప్పాను.

డాక్టరమ్మ రాసుకుంటూ, "ఇంజను ఎక్కేటప్పుడు నొప్పి వస్తుందా?" అని అడిగింది.

"ఎక్కేటప్పుడు కాదండీ, వెనక్కి చూసేటప్పుడు," అన్నాను.

డాక్టరమ్మ చీటీ నా వైపు తిప్పింది. రోగి పేరు సన్యాసిరావు, అంటే నేనే. కౌంటరులో నా పేరూ ఉద్యోగమూ రాయించింది మా ఆవిడే. పైడితల్లి తాపీగా తువ్వాలు విప్పి మడతపెట్టుకుంటోంది.

పరీక్షలయ్యాయి. మెడలో నరం నొక్కుకుపోయిందట. మామూలు పట్టయితే కాపడంతో కొద్ది రోజుల్లో తగ్గిపోతుందనీ, తగ్గకుండా చెయ్యి తిమ్మిరెక్కి పట్టు తప్పుతుంటే ఒక్కరోజు కూడా ఆగకూడదనీ డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఇంకా ఆలస్యం చేస్తే చెయ్యే దెబ్బతినేదట.

"మరి నా ఇంజను?" అన్నాను.

"ముందు చెయ్యి బాగవనివ్వండి. బాగైతే ఇంజను మీదే," అంది.

బయటికొచ్చాక పైడితల్లి, "ఇంజను పోతే కుర్చీలో కూకుందురు. సెయ్యే పడిపోతే ఏటి సేద్దురు? నాకొక్క మాట సెప్పలేకపోనారా?" అని కళ్లొత్తుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, ఎడమచేత్తోనే, పట్టు ఉన్నంత వరకు.

రెండు నెలల వ్యాయామం తర్వాత ఫిట్ అని రాశారు. ఆ పొద్దున్న డ్యూటీకి వెళ్తూ మెడ ఎడమకి తిప్పితే గుమ్మంలో పైడితల్లి టిఫిను డబ్బాతో కనిపించింది. ఆవిడ పుణ్యమే ఈ మెడ, ఈ చెయ్యి, ఈ ఇంజను.

ఫ్రిజ్జు మాత్రం ఇంకా నా చెవి పక్కనే గుర్రుమంటోంది. జరుపుదామంటే ఆవిడ ఒప్పుకోదు.

"ఉండనియ్యండి. అది కలిసొచ్చిన వాస్తు," అంటుంది.